తెలంగాణ వైపు నుంచి కృష్ణా లోయను ఎక్కడెక్కడ చూడవచ్చు?

శ్రీశైలం ఎన్నోసార్లు వెళ్లినా డ్యామ్ దగ్గర తప్ప కృష్ణా లోయ కనిపించలేదని రాశారు. తెలంగాణ వైపు నుంచి తీరిగ్గా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి, పెద్దవయసు తల్లిదండ్రులతో, పదేళ్ల పాపతో వీలవుతుందా, అడవి లోపలి శివక్షేత్రం సలేశ్వరంలో జరిగే జాతరకు పాపను తీసుకెళ్లవచ్చా అని అడిగారు. మాది అచ్చంపేట. ఈ నల్లమల అడవి అంచున పెరిగినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

శ్రీశైలం రోడ్డు మీద వెళ్తూ వెళ్తూ లోయను చూడటం కుదరదు. మన్ననూర్ దగ్గర ఘాటు ఎక్కాక దారి అమ్రాబాద్ పీఠభూమి మీదుగా, రెండు వైపులా చెట్ల మధ్య సాగిపోతుంది. నది ఎక్కడో కొండల వెనుక, చాలా దిగువన ఉంటుంది. దోమలపెంట దాటి ఘాటు దిగేటప్పుడు గానీ దాని జాడ తెలియదు. అప్పటికి బండి నడిపేవారి ధ్యాస మలుపుల మీద, మిగతావారి ధ్యాస దర్శనం మీద ఉంటుంది. అందుకే దర్శనాన్నీ లోయనూ ఒకే రోజులో ఇరికించకండి. లోయ కోసమే రెండు రోజులు పెట్టుకుని, ఒక రోజు పైనుంచి, ఇంకో రోజు నీటి మీద నుంచి చూడండి. అప్పుడే దాని లోతు మనసుకు పడుతుంది.

హైదరాబాద్ నుంచి వస్తుంటే డిండి దాకా, అచ్చంపేట చుట్టుపక్కలా గుండ్రటి గ్రానైటు బండలు కనిపిస్తాయి కదా, వాటిని గుర్తుపెట్టుకోండి. ఆ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. మన్ననూర్ ఘాటు మొదలవగానే రాయి మారిపోతుంది. పొరలు పొరలుగా, అట్టల కట్టలు పేర్చినట్టు ఉండే రాయి వస్తుంది. అది ఒకప్పుడు లోతులేని సముద్రం అంచున పేరుకున్న ఇసుక, వంద కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో గట్టిపడి క్వార్ట్జైటు అయింది. కొన్ని పలకల మీద అలలు కదిలిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. పాపను ఆ రాతి మీద చేయి పెట్టి నిమరనివ్వండి, వేళ్లకు మెట్టమెట్టలుగా తగులుతాయి. ఈ రాయి చాలా గట్టిది, దాని మధ్య ఉండే పలకరాయి మెత్తటిది. నీరు మెత్తటి పొరను తొలిచేస్తే పైన ఉన్న గట్టి పొర ఆధారం లేక నిలువునా విరిగి పడుతుంది. కృష్ణ ఒడ్డున గోడల్లాంటి కొండ చరియలు, వాటి కింద గుహలు ఏర్పడింది ఇలాగే. వాన నీరు పగుళ్లలో ఇంకి, కింది పొర దగ్గర ఆగి, చరియ అంచున ఊటగా బయటికి వస్తుంది. మల్లెల తీర్థం, సలేశ్వరం జలపాతాలు, ఉమామహేశ్వరం గుడి దగ్గరి పాపనాశనం ధార అన్నీ ఆ ఊటల చలవే.

ఆ గ్రానైటూ ఈ పొరల రాయీ కలిసే చోటే యురేనియం ఉంటుంది. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు పేర్లు మీరు వినే ఉంటారు. అమ్రాబాద్ అడవిలో కూడా దాని కోసం బోర్లు వేస్తారన్న వార్త వచ్చినప్పుడు మా ప్రాంతమంతా కదిలింది. బందులు జరిగాయి, ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీద కూర్చున్నాయి. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మీరు చూడబోయే లోయ ఈ రోజు ఇలా ఉందంటే ఆ పోరాటానికీ అందులో వాటా ఉంది. ఇది యాత్ర సమాచారం కాకపోయినా చెప్పకుండా ఉండలేను.

ఇంకో సంగతి తెలిస్తే చూపు మారుతుంది. మనకు కనిపిస్తున్నది లోయ పైభాగమే, అడుగు మునిగిపోయింది. శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగింది, 1980 దశకం మొదటికి జలాశయం నిండటం మొదలైంది. ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు, పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. ఆ నీటి కింద పొలాలు, ఊళ్లు, గుళ్లు ఉన్నాయి. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. సోమశిల, జటప్రోలు గుళ్లనూ అలాగే పైకి తెచ్చి కట్టారు. భవనాశి నది కృష్ణలో కలిసే చోట ఉన్న సంగమేశ్వరం అనే వేరే గుడి మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది, వేసవిలో నీరు తగ్గితే బయటపడుతుంది. దిగువన నాగార్జునకొండ కథా ఇదే. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. సాగర్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, దొరికిన వాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు మనం లాంచీలో వెళ్లి దిగే దీవి ఒకనాటి కొండ శిఖరం.

ఇక ఎలా వెళ్లాలో చెబుతాను. మొదటి రోజు ఉదయాన్నే మన్ననూర్ చేరుకోండి. మన్ననూర్, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లను వదలరు, ఆ లెక్క చూసుకుని బయలుదేరండి. పెట్రోలు అచ్చంపేటలోనో, అంతకుముందో నింపుకోండి. ఘాటు ఎక్కాక ఫోనుకు సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కాబట్టి మీతో వచ్చే రెండో బండి ఉంటే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

ఫరహాబాద్‌లో అటవీశాఖ వాళ్లు సఫారీ బండిలో లోపలికి తీసుకెళతారు. నిజాం కాలంలో వేటకు వచ్చినవాళ్లు విడిది చేసిన చోటు అది, ఆ కట్టడాల శిథిలాలు ఇంకా ఉన్నాయి. వ్యూ పాయింట్ దగ్గర పీఠభూమి ఒక్కసారిగా తెగిపోతుంది. అంచు నుంచి చూస్తే చెట్ల తలలు తప్ప నేల కనిపించదు. పెద్దవాళ్లకు నడక పెద్దగా ఉండదు. పులి కనిపించాలని పట్టుబట్టకండి, పాపకూ ముందే చెప్పండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో ఒక దారి వెంట రెండు గంటలు తిరిగితే పులి ఎదురుపడటం అరుదు. దుప్పులు, మనుబోతులు, నెమళ్లు కనిపించవచ్చు. తల పైకెత్తి కొమ్మల్లో వెతికితే బెట్టుడుత దొరుకుతుంది. తోకతో కలిపి చూస్తే పిల్లి కంటే పొడుగ్గా, ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దూకేటప్పుడు ముందు కొమ్మ కదులుతుంది, తర్వాత తోక కనిపిస్తుంది. మా పిల్లలు పులి ఊసు మరిచిపోయింది దాని వల్లే. జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా సఫారీ మూసేస్తారు. అక్టోబరు నుంచి జనవరి మధ్య వస్తే ఊటల్లో నీళ్లూ ఉంటాయి, అడవీ పచ్చగా ఉంటుంది. మన్ననూర్‌లో అటవీశాఖ బస కూడా ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి.

అక్కడి నుంచి వటవర్లపల్లి వచ్చి పక్కకు తిరిగితే మల్లెల తీర్థం. దాదాపు 350 మెట్లు దిగాలి. పాప దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఆగిపోవడం మంచిది, దిగడం కంటే ఎక్కడమే కష్టం. వేసవిలో జలపాతం సన్నబడిపోతుంది. గుండంలో ఈత వద్దు. అడుగున ఉన్న బండలు పైకి కనిపించవు.

లోయను లోయగా చూపించేది దోమలపెంట సమీపంలోని ఆక్టోపస్ వ్యూ పాయింట్. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. కింద నది ఒక పాయగా కాకుండా నాలుగు వైపులకూ చేతులు చాచినట్టు కనిపిస్తుంది. ఆ చేతులన్నీ ఒకప్పుడు కృష్ణలోకి దిగిన వాగుల లోయలు, జలాశయం నీరు వెనక్కి ఎక్కి వాటిని నింపింది. నీరు తగ్గిన రోజుల్లో కొండ చుట్టూ పాలిపోయిన పట్టీ ఒకటి కనిపిస్తుంది. వరద వచ్చినప్పుడు నీరు ఎంత ఎత్తుకు వస్తుందో అది చెబుతుంది. 2009 అక్టోబరు వరదలో ఈ జలాశయానికి లక్షల క్యూసెక్కుల నీరు ముంచెత్తి, ఆనకట్ట ఏమవుతుందోనని దిగువ ప్రాంతమంతా బిక్కుబిక్కుమంటూ గడిపింది. ఆ నీరంతా ఈ ఇరుకులోంచే పోయింది. సాయంత్రం ఎండ వాలే వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి, చరియల పొరలు అప్పుడు విడివిడిగా తెలుస్తాయి.

రెండో రోజు పడవ. జలాశయంలో నీరు చాలినంత ఉన్న నెలల్లో సోమశిల నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక సంస్థ లాంచీ నడుపుతుంది, సాగర్ నుంచి శ్రీశైలానికి ఇంకొకటి ఉంది. మీకు సోమశిల లాంచీ సరిపోతుంది. కొల్లాపూర్‌కు దగ్గర. మీ తల్లిదండ్రులకు కూడా నడక లేకుండా లోయంతా కనిపించే దారి ఇదొక్కటే. సోమశిల దగ్గర నీరు సముద్రంలా పరుచుకుని ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ కొండలు దగ్గరికి జరుగుతాయి, చివరికి రెండు పక్కలా గోడల మధ్య వెళ్తారు. ప్రయాణం ఇంచుమించు రోజంతా పడుతుంది. టోపీలు, మందులు, పాపకు చిరుతిండి దగ్గర ఉంచుకోండి. లాంచీ ఆ రోజు ఉందో లేదో ఫోను చేసి కనుక్కోకుండా మాత్రం బయలుదేరవద్దు. తక్కువ సమయమే ఉంటే శ్రీశైలం పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహల దాకా వెళ్లే పడవ ఎక్కవచ్చు. పన్నెండో శతాబ్దపు కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవి అక్కడ తపస్సు చేసిందని నమ్మకం. గుహ ముందు సహజంగా ఏర్పడిన పెద్ద రాతి తోరణం ఉంది.

ఈ లోయ గురించి మాట్లాడుతూ చెంచుల పేరు ఎత్తకపోతే తప్పు. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల, రాంపూర్ లాంటి పెంటల్లో (చెంచుల గూడేలను ఇక్కడ అలా అంటారు) తరాలుగా ఉంటున్నవాళ్లు. 1940లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఈ పీఠభూమి మీదే వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేశారు. కొండ చరియలకు వేలాడే తేనెపట్టును చెంచులు తీసే పద్ధతి వింటే మీకే తెలుస్తుంది, వాళ్లకు ఈ రాళ్లతో ఉన్న బంధం ఎలాంటిదో. నారతో పేనిన తాడు పైన చెట్టుకు కట్టి, ఒకరు చరియ అంచు నుంచి కిందికి జారతారు. పైన తాడుకు కాపలా ఉండేది అతని బావమరిది. తన అక్క పసుపుకుంకాలు ఆ తాడు మీదే ఉన్నాయి కనుక అతను ఏమరుపాటుగా ఉండడని వాళ్ల నమ్మకం. తేనె కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. పెంటలోకి చెప్పకుండా వెళ్లి ఇళ్లకూ మనుషులకూ ఫొటోలు తీయడం దయచేసి చేయకండి. అది వాళ్ల ఊరు, ప్రదర్శన కాదు.

ప్లాస్టిక్ సీసాలు అడవిలో పారేయకండి, కోతులకు ఏమీ పెట్టకండి. రోడ్డు పక్కన అరటిపండ్లు విసరడం పుణ్యమనుకుంటారు చాలామంది. వాటికోసం రోడ్డెక్కిన కోతులు బండ్ల కింద పడి చస్తున్నాయి. మార్చి తర్వాత వస్తే వంట మంటలు, బీడీ సిగరెట్లు అసలే వద్దు. ఎండిన బోద గడ్డికి నిప్పంటుకుంటే కొండ కొండంతా పోతుంది.

సలేశ్వరం విషయానికి వస్తే, జాతర రోజుల్లో పాపను తీసుకెళ్లవద్దనే చెబుతాను. ఏటా చైత్ర పౌర్ణమికి ముందూ వెనకా కొద్ది రోజులే అటవీశాఖ లోపలికి వదులుతుంది. పూజారులు చెంచులే. బండ్లు ఆగిన చోటు నుంచి కిలోమీటర్ల కొద్దీ రాళ్ల మీద నడిచి లోయలోకి దిగాలి. కొన్నిచోట్ల ఒక పక్క చరియ, ఇంకో పక్క అగాధం, మధ్యలో మనిషి పట్టేంత దారి. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అదే దారిలో ఒరుసుకుంటూ వెళ్లాలి. ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటూ వేల గొంతులు లోయలో ప్రతిధ్వనిస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. అడుగున చల్లటి ధార కింద నిలబడితే పడిన శ్రమంతా మరిచిపోతాం. నేను ఆ జాతరను ప్రాణంగా చూసుకుంటాను. అయినా ఏప్రిల్ ఎండలో, ఆ తొక్కిడిలో ఊపిరాడక ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పెద్దలను అసలు తీసుకెళ్లకండి. పాపకు పదిహేనో పదహారో వచ్చాక, నడక అలవాటు చేసి, పౌర్ణమి రోజు కాకుండా మొదటి రోజు తెల్లవారుజామున తీసుకెళ్లండి.

ఈసారికి ఉమామహేశ్వరం చూపించండి. అచ్చంపేట నుంచి దగ్గరే, రంగాపూర్ మీదుగా వెళ్లాలి. శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. కొండ మీదికి రోడ్డు ఉంది కాబట్టి అమ్మానాన్నలకూ ఇబ్బంది ఉండదు. గుడి పక్కన చరియ కిందుగా నడిస్తే పాపనాశనం వస్తుంది, రాతి పొరల మధ్య నుంచి నీరు కారుతుంటుంది. తల మీద చరియ గొడుగులా ఒరిగి ఉండే ఆ దారిలో ఎండ తగలదు. మధ్యాహ్నమైనా వెళ్లవచ్చు.