బ్యాక్టీరియాకు వేలిముద్ర ఉంటుందా?

సందేహం: “విద్యార్థుల నమూనాల్లో, వంటగదిలోని గుడ్లలో దొరికిన సాల్మొనెల్లా జన్యు వేలిముద్రలు కలిశాయి” అనే వాక్యం చదివాను. వేళ్లే లేని సూక్ష్మజీవికి వేలిముద్ర అనడం తప్పు కాదా? బ్యాక్టీరియా ఏ రకానిదో తేల్చే ‘టైపింగ్’ను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

సమాధానం: వేళ్లు లేకపోవడం అడ్డు కాదు. కుర్చీకి కాళ్లు, రంపానికి పళ్లు, కుండకు మూతి ఉన్న భాష మనది. ‘వేలు’ ఔపవిభక్తికమైన (విభక్తికి ముందు చేరే) ఇకారంతో ‘వేలి’ అయి ‘ముద్ర’తో షష్ఠీ తత్పురుషగా కుదిరింది; పైగా డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పేరుతోనే మన ఉప్పల్‌లో ఒక పరిశోధన కేంద్రం ఉంది. చిక్కంతా అర్థంలోనే. వేలిముద్ర ఒక్క మనిషిదే, కవలలకు కూడా ఒకటి కాదు. బ్యాక్టీరియా అలా కాదు. ఒకటి రెండుగా చీలుతూ పెరుగుతుంది కాబట్టి, ఒక కణానికి పుట్టిన కోట్ల కణాల్లో డీఎన్‌ఏ దాదాపు ఒక్కటే. జన్యు పరీక్ష పట్టిచ్చేది వ్యక్తిని కాదు, వంశాన్ని.

1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్ల ద్వారా ఈ.కోలై అనే బ్యాక్టీరియా సోకి నలుగురు పిల్లలు చనిపోయాక, 1996లో అక్కడ ఇలాంటి జబ్బు ఏ ఆహారం నుంచి వచ్చిందో పట్టుకునే పల్స్‌నెట్ అనే ప్రయోగశాలల వ్యవస్థ ఏర్పడింది. డీఎన్‌ఏను ఎంజైముతో కొన్నిచోట్ల తెంపి, దిశ మారుతూ ఉండే విద్యుత్తుతో జెల్‌లో నడిపిస్తే, ముక్కలు పరిమాణాన్ని బట్టి చారలుగా నిలుస్తాయి. రోగి నుంచి తీసిన బ్యాక్టీరియా చారలను ఆహారంలో దొరికినదాని చారల పక్కన పెట్టి చూసేవారు. (నా కంటికవి వేలిముద్రలా కాదు, సబ్బు పెట్టె మీది బార్‌కోడ్‌లా కనిపిస్తాయి.) 2019 నుంచి చారలకు బదులు జన్యుక్రమం మొత్తాన్నీ చదువుతున్నారు, సాల్మొనెల్లాకు అది సుమారు 48 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు. ఎన్ని అక్షరాలు తేడా వచ్చాయన్నదాన్ని బట్టి దగ్గరి చుట్టమో, దూరపు చుట్టమో తేలుస్తారు. వేలిముద్రల్లో ఈ చుట్టరికాల లెక్క లేదు.

అందువల్ల ‘జన్యురక నిర్ధారణ’ అనడమే నాకు నచ్చుతుంది. ‘రకం’ ఉర్దూ నుంచి వచ్చింది గనుక ఇది సంస్కృత పదంతో అన్యభాషా పదం కలిసిన వైరి సమాసమని కొందరు అభ్యంతరపెట్టవచ్చు. హైదరాబాదులో కూర్చుని ఆ పట్టింపుకు పోలేను. ఉత్త ‘టైపింగ్’ అంటే మాత్రం పాఠకుడికి కీబోర్డే గుర్తొస్తుంది.

మీరు అడగని తప్పు ఇంకొకటి ఆ వాక్యంలో ఉంది. ఆహారం, బ్యాక్టీరియా ప్రస్తావన ఉన్నచోట ‘కలిశాయి’ అంటే కల్తీ అయ్యాయనే అర్థం ముందు తోస్తుంది. “విద్యార్థుల్లో, గుడ్లలో దొరికిన సాల్మొనెల్లా ఒకే జన్యురకానికి చెందినదని తేలింది” అని రాస్తే సరిపోయేది. మాటల్లో చెప్పేటప్పుడైతే “రెండూ ఒకే తాను ముక్కలు” అన్నా చాలు.