తోలు కనబడేదాకా ఈల ఊదొద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం వాన గురించే. అక్టోబరు కదా మరి! నేను పశ్చిమ పెన్సిల్వేనియాలో పదకొండేళ్లుగా హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) మ్యాచ్‌లకి చారల చొక్కా వేసుకుని అధికారిగా నిలబడుతున్నాను. పుట్టి పెరిగింది కోనసీమ. దమ్ము చేసిన మడిలో పడుతూ లేస్తూ పెరిగినవాణ్ణి, బురద నాకు కొత్తేంటి అనుకునేవాణ్ణి. కాకపోతే మా మడిలో ఇరవైరెండుమంది హెల్మెట్లు పెట్టుకుని మీదికి దూకేవాళ్లు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పోయిన వారం గ్రౌండు చెరువులా ఉంది. అయినా ఆట ఆపలేదు. పిల్లలకి ఏమైనా అయితే? మీరు ఆపకూడదా మాస్టారూ? – ఒక అమ్మ, పిట్స్‌బర్గ్

మీ భయం న్యాయమైనదేనమ్మా. కానీ మ్యాచ్ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆతిథ్యమిచ్చే స్కూలు చేతిలో ఉంటుంది. మా పెత్తనం ఆట టైముకి అరగంట ముందు మొదలవుతుంది. ఆట మొదలయ్యాక ఆపే హక్కు రెఫరీది. వానకీ బురదకీ మేము సాధారణంగా ఆపం. ఉరుము వినబడినా మెరుపు కనబడినా మాత్రం మారుమాట లేదు, అందరూ లోపలికి పోవాల్సిందే. చివరి ఉరుము నుంచి ముప్పై నిమిషాలు లెక్క. ఇరవైతొమ్మిదో నిమిషంలో ఇంకోటి ఉరిమితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఒకసారి అలా స్కూలు జిమ్‌లో గంటన్నర కూర్చుని పిల్లల పిజ్జా తిన్నాం.

నీళ్లు నిలిచినచోట నన్ను భయపెట్టేది కాలు జారడం కాదు, కుప్ప. పదిమంది ఒకడిమీద పడితే అడుగున ఉన్నవాడి మొహం నీళ్లగుంటలో ఉండొచ్చు. హెల్మెట్ జాలీ నీళ్లని ఆపదుగా! అందుకే ఈల ఊదగానే నేను కుప్పలోకి దూరి, పైవాళ్లని ఒక్కొక్కళ్లనీ లేపుతూ అడుగువాడి మొహం చూస్తాను. బంతి ఎవరిదన్నది ఆ తర్వాతి మాట.

ప్రశ్న: గీతలన్నీ కొట్టుకుపోయాక పది గజాలు వచ్చాయో లేదో ఎలా తేలుస్తారు? ఊహించి చెప్పేస్తారా? – ఒక పాఠకుడు, కొలంబస్

ఊహించం బాబూ, వెతుకుతాం. నాలుగు ప్రయత్నాల్లో (ఒక్కో ప్రయత్నం ఒక ‘డౌన్’) పది గజాలు పోవాలి; ఆట మొత్తం ఆ లెక్క మీదే నడుస్తుంది. గీతలు ఐదు గజాలకొకటి ఉంటాయి. సైడ్‌లైన్ దగ్గర పట్టే, రెండు కొసల్లో కర్రలున్న పది గజాల గొలుసుకి ఒక క్లిప్ ఉంటుంది. దాన్ని దగ్గర్లో ఉన్న ఐదు గజాల గీత దగ్గర తగిలిస్తారు. కొలవాలంటే గొలుసుని మైదానం మధ్యకి తెచ్చి, క్లిప్‌ని మళ్లీ అదే గీత మీద పెట్టి, అవతలి కర్రని బిగించి లాగుతారు. అందులో గీతే మాయమైతే గొలుసు ఎంత నిజాయితీగా ఉన్నా ఏం లాభం?

అందుకే వానరోజు ముందే వెళ్లి గ్రౌండంతా నడుస్తాను. ఏ గీత బతికుంది, ఏది పోయింది, మూలల్లో నారింజరంగు పైలాన్లు (గుర్తు దిమ్మెలు) నిలబడ్డాయా పడిపోయాయా అన్నీ చూసుకుంటాను. మధ్యలో గీత పోయినా అంచుల్లో కొసలు మిగులుతాయి. ఇద్దరు లైన్ అధికారులు చెరో అంచున ఎదురుబొదురుగా నిలబడి చూపు కలిపితే, మధ్యలో గీత ఉన్నట్టే. పొలంలో గట్టుకి తాడు లాగేవాళ్లు చేసేది ఇదే.

బంతి ఎంతదాకా ముందుకొచ్చిందో అక్కడ మామూలుగా మా కాలే గుర్తు. బురదలో మడమతో చిన్న గాడి తీసేవాణ్ణి, మొదట్లో. రెండు క్షణాల్లో అది నీళ్లతో నిండి, చుట్టూ ఉన్న వంద గాడుల్లో కలిసిపోయేది. ఇప్పుడు గాడిని నమ్మను. బంతి వచ్చేదాకా కాలు కదపను, అంతే.

గీతలు గీసే పొడి గురించి ఒకావిడ అడిగారు. చర్మానికీ కళ్లకీ హాని చేసే కాల్చిన సున్నం వాడకూడదు. తడిసినప్పుడు అది మరీ ప్రమాదం. ఇంటికొచ్చాక పిల్లాడికి మోచేతులు మండుతున్నాయంటే మంచినీళ్లతో బాగా కడిగి స్కూలుకి ఫోన్ చేయండి.

ప్రశ్న: బంతి చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆ బురదలో మీకెలా తెలుస్తుంది? పోయిన శుక్రవారం మా వాళ్లకి అన్యాయం జరిగిందని నా అనుమానం. – ఒక తండ్రి, క్లీవ్‌లాండ్

మీవాళ్ల సంగతి నేను చూడలేదు. నా సంగతి చెబుతాను.

నేను చేరిన మూడో ఏడు. మిడిల్ స్కూల్ మ్యాచ్, బడి పేరెందుకు. వాగు పక్కన పల్లపు గ్రౌండు, పొద్దుట్నించీ వాన. నేను లైన్స్‌మన్‌ని, అంటే అంచున నిలబడే లైన్ అధికారిని. ఒక పిల్లాడు బంతి పట్టుకుని నావైపు కుప్పలోకి దూకాడు. మోకాలు నేలకి తగిలింది, రెండు చేతులూ పొట్టమీద ముడుచుకుని ఉన్నాయి, మధ్యలో గోధుమరంగు ముద్ద. బంతితోనే పడ్డాడు, ఇక ఆట ఆగినట్టే అని ఊదేశాను.

ఆ ముద్ద బంతి కాదు. చొక్కాకి అంటుకున్న బురదగడ్డ! బంతి మూడు గజాల వెనక, నీళ్లగుంటలో, ముక్కు పైకెత్తుకుని కూర్చునుంది. నా ఈల తర్వాత అవతలి జట్టులో బక్కపలచటి కుర్రాడొకడు దాన్ని తీసుకుని పరిగెత్తాడు. అరవై గజాలు. అడ్డం ఎవరూ లేరు. గోల్‌లైన్ దాటి వెనక్కి తిరిగి చూస్తే అందరూ నిలబడి ఉన్నారు, నావైపు చూస్తూ.

రెఫరీ నా దగ్గరికొచ్చి ఒకే ముక్క అడిగాడు. ‘తోలు చూశావా?’ మా వృత్తిలో అదే మాట: బంతి తోలు కంటితో చూసేదాకా ఈల నోట్లో పెట్టొద్దు. లేదన్నాను, రంగు చూశాను. ఇక నిబంధన ప్రకారం చేయాల్సిందే. ఫంబుల్ అయిన, అంటే చేజారిన బంతి ఎవరి చేతికీ చిక్కకముందే పొరపాటున ఈల పడితే, జారవిడిచిన జట్టుకే అవకాశం: చేజారినచోట బంతి తీసుకోవచ్చు, లేదా ఆ డౌన్ మళ్లీ ఆడొచ్చు. అంటే తప్పు చేసింది నేను, లాభం బంతి వదిలేసినవాళ్లకి, నష్టం దాన్ని దొరకబుచ్చుకున్న కుర్రాడికి. ఆరు పాయింట్లు పోయాయి.

వాళ్ల కోచ్ దగ్గరికెళ్లి నాదే తప్పని చెప్పాను. తిడతాడనుకున్నాను. ‘నాకు కాదు, వాడికి చెప్పు’ అన్నాడు. చెప్పాను. ఆ పిల్లాడు మొహం మీద బురద తుడుచుకుంటూ, ‘ఎవరూ వెంటపడకపోతే నేనే అంత ఫాస్టనుకున్నాను సార్’ అన్నాడు.

ఇప్పుడు బురదలో నా ఈల ఒక క్షణం ఆలస్యం. కోచ్‌లు విసుక్కుంటారు, అనుకోనీండి. ఆలస్యంగా ఊదితే ఒకట్రెండు తోపులాటలు ఎక్కువవుతాయి. ముందే ఊదితే ఆటే మారిపోతుంది.

ప్రశ్న: పంట్ చేసిన (చేతిలోంచి వదిలి కాలితో తన్నిన) బంతి బురదలో గుచ్చుకుని నిలబడిపోయిన మ్యాచ్ నిజంగా జరిగిందా? మా మామయ్య కోస్తున్నాడని నా డౌటు. – ఒక విద్యార్థి, కొలరాడో

మీ మామయ్య నిజమే చెప్పారు. 2007 నవంబరు 26, సోమవారం రాత్రి, మా ఊళ్లోనే, అప్పటి హైంజ్ ఫీల్డ్‌లో. పిట్స్‌బర్గ్ స్టీలర్స్, మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్లు. అంతకుముందు శుక్రవారం అదే గ్రౌండులో హైస్కూల్ ఫైనళ్లు, శనివారం యూనివర్సిటీ మ్యాచ్. చితికిన పచ్చికమీదే చాపచుట్టల్లా తెచ్చిన కొత్త పచ్చిక పరిచారు. అది వేరుపట్టకముందే కుండపోత. మెరుపులవల్ల ఆట కూడా ఆలస్యంగా మొదలైంది. డాల్ఫిన్స్ పంటర్ బ్రాండన్ ఫీల్డ్స్ కొట్టిన బంతి పైనుంచి నిట్టనిలువుగా దిగి, మేకు దిగినట్టు దిగింది. ఎగరలేదు, దొర్లలేదు. చివరికి 17 సెకన్లు ఉండగా స్టీలర్స్ ఆటగాడు జెఫ్ రీడ్ 24 గజాల నుంచి ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) కొట్టాడు. 3–0. అంతే స్కోరు.

అలాంటి బంతి మా హైస్కూల్ మ్యాచ్‌లో పడితే? తన్నాక కదలకుండా ఆగిపోయిన బంతిని తీసుకోడానికి ఎవరూ ప్రయత్నించకపోతే బంతి చచ్చినట్టు, అంటే ఆట ఆగినట్టు లెక్క. అక్కడే, అందుకునే జట్టుది. కానీ తొందరపడి ఊదను. ఎవడో ఒకడు దాన్ని పీకడానికి వంగుతాడు.

ప్రశ్న: బురద అంటుకుని నంబర్లు కనబడకపోతే? – అదే విద్యార్థి

తుడుచుకోమంటాం. 50 నుంచి 79 దాకా నంబర్లున్నవాళ్లు మామూలుగా ఫార్వర్డ్ పాస్ (ముందుకి విసిరిన బంతి) పట్టకూడదు కాబట్టి అది షోకు కాదు, అవసరం. 58, 88 రెండూ బురదలో అన్నదమ్ముల్లా ఉంటాయి.

ప్రశ్న: వచ్చే సీజన్‌కి నేనూ అఫిషియేటింగ్‌లో చేరుతున్నా అన్నయ్యా. వానకి ఏం కొనుక్కోవాలి? – ఒక తమ్ముడు, హారిస్‌బర్గ్

లోపల గోళీ లేని ఈలలు రెండు కొను; గోళీ ఈల తడిస్తే గుటకలు మింగుతుంది. కార్డుమీద రాసుకోడానికి పెన్ను వద్దు, పొట్టి పెన్సిల్. సిరా మొదటి క్వార్టర్‌లోనే కారిపోతుంది. తువ్వాళ్లు ఎన్నుంటే అన్ని. అంపైర్‌గా నిలబడితే, సెంటర్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టేవాడు) వచ్చేదాకా బంతిని తువ్వాలు కిందే ఉంచు. ప్యాంటు వెనక తువ్వాలు వేలాడేస్తే కుప్పలో ఎవడో లాక్కుపోతాడు, లోపలికి దోపుకో. అడుగులు పొట్టిగా, పాదం మొత్తం ఆనించి వెయ్యి. వెనక్కి పరిగెత్తకు. తప్పు జరిగిందని పసుపు జెండా విసిరాక ఎక్కడ పడిందో కళ్లతో పట్టుకో. నాది ఒకసారి హాఫ్‌టైమ్ తర్వాత దొరికింది.

హాఫ్‌టైమ్‌లో మార్చుకోడానికి మేజోళ్లు రెండు జతలు, జిప్‌లాక్ సంచిలో. ఇంటికెళ్లాక బూట్లలో పాత పేపర్లు కుక్కి గరాజ్‌లో పెట్టు. హీటర్ దగ్గర పెడితే బిర్రబిగుస్తాయి. బట్టలు మాత్రం ముందు బయట హోస్‌పైపుతో కొట్టాకే వాషింగ్ మెషిన్‌లో వెయ్యి. మా ఇంట్లో ఈ నియమం ఎలా వచ్చిందో మీ వదిన్ని అడుగు, నేను చెప్పను.