1992 నాటి 'టోస్కా' చిత్రీకరణలో గాయకులు పెదవులు మాత్రమే కదిపారా?

లేదు, 1992 జులైలో రోమ్ నగరం నుంచి ప్రత్యక్ష ప్రసారమైన 'టోస్కా'లో గాయకులు కెమెరా ముందే నిజంగా పాడారు. ఇటలీకి చెందిన పుచ్చీని స్వరపరచిన ఈ విషాదాంత ఒపెరాలోని (పాటలతోనే కథ నడిచే సంగీత నాటకంలోని) మూడు అంకాలను, కథలో పేర్కొన్న చోట్లలోనే, అంటే చర్చిలో, ఫర్నేసే భవనంలో, సాంత్ ఆంజెలో కోటలో, కథలోని వేళలకే ప్రదర్శించడం దీని ప్రత్యేకత. అక్కడ వాద్యబృందం కనిపించకపోవడమే అనుమానానికి మూలం. ముంబయిలో పుట్టిన కండక్టర్ (చేతి సైగలతో వాద్యబృందాన్ని నడిపించే వ్యక్తి) జుబిన్ మెహతా నిర్వహణలో ఆ బృందం దూరంగా ఒక స్టూడియోలో వాయిస్తుండగా, గాయకులు టీవీ తెరలపై ఆయన చేతి కదలికలను చూస్తూ గొంతు కలిపారు. ఉదాహరణకు, మూడో అంకంలో మరణశిక్ష పడిన చిత్రకారుడు కావరదోస్సిగా గాయకుడు ప్లాసిదో దొమింగో కోటపైన తెల్లవారుజామున పాడినది అప్పటికప్పుడు పాడినదే. తడబడితే సరిదిద్దుకునే వీలు లేదు.

దీన్ని చాలామంది 1976 నాటి 'టోస్కా' చలనచిత్రంతో కలగలుపుతారు. అదీ రోమ్‌లోని అసలు స్థలాల్లోనే తీసినది, అందులోనూ కావరదోస్సి దొమింగోయే. కాబట్టి ఈ పొరపాటు సహజమే. అయితే మన సినిమా పాటల్లాగా ముందే రికార్డు చేసిన గానానికి పెదవులు కలిపినది ఆ చిత్రంలోనే.