ఇంగ్లండ్ నదిలో మొదటిసారి పైక్ చేపకు గాలం వేయాలంటే ఏం కావాలి?

ముందు కొనాల్సింది రాడ్ కాదు, వైర్ ట్రేస్ (కొక్కేలు కట్టే స్టీలు తీగ). పైక్ నోట్లో వందల పళ్లు. మామూలు దారం ఇట్టే తెగి, కొక్కేలు దాని గొంతులోనే ఉండిపోతాయి. అందుకే కొక్కేలకు, దారానికి మధ్య కనీసం 18 అంగుళాల స్టీలు తీగ ఉండాలి. దారం 15 పౌండ్ల బరువు ఆపే మోనో (ఒంటి నైలాన్ పోగు) గానీ, 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) గానీ. రాడ్ 12 అడుగులది చాలు.

ఎరగా చచ్చిన సార్డీన్, లేదంటే మాకరెల్ (మన కానాగంతల చుట్టమే). ఉరవడిగా పారే చోట వేయకండి. ఇది కొరమీనులా మాటు వేసే చేప. నీరు నెమ్మదించే మలుపుల్లో, నీళ్లలోకి ఒరిగిన చెట్ల దగ్గర ఉంటుంది. బెండు కదిలిందా, వెంటనే రాడ్ ఎత్తండి. చూద్దాంలే అనుకుంటే ఎర మింగేస్తుంది, అప్పుడు కొక్కెం తీయడం నరకం.

పెద్ద వల, చేపను పడుకోబెట్టడానికి తడిపిన మ్యాట్, కొక్కెం తీసే పొడవాటి ఫోర్సెప్స్ (పటకారు) లేకుండా అసలు వెళ్లొద్దు. మొప్ప మూత అంచు కింద వేళ్లు పెట్టి దవడ పట్టుకుంటే నోరు తెరుచుకుంటుంది. ఎర్రటి మొప్పలు తాకకూడదు.

రాడ్ లైసెన్స్ తప్పనిసరి, మీరు ఎంచుకున్న చోట పట్టడానికి అనుమతి వేరే. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో గాలం వేయడం నిషేధం. చలికాలమే అదను.