విమానం బరువు గురించి లహరికి

చి. లహరికి, మామయ్య ఆశీస్సులు.

నీకు ఎయిర్‌బస్ ఎ320 విమానం నడిపే అర్హతకి ఇచ్చే శిక్షణలో (టైప్ రేటింగ్) సీటు వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఎంత పొంగిపోయానో, ఆ రాత్రి అంత గుబులూ పట్టుకుంది. నువ్వు విమానం నడపగలవా అన్న అనుమానం నాకు లేదు. నా భయమంతా లోడ్ షీట్, అంటే విమానం బరువుల లెక్క రాసిన కాగితం, మీది అంకెల గురించే. చివరిదాకా చదువు, సగంలో పక్కన పెట్టేయకు.

నువ్వు నేర్చుకున్న చిన్న విమానం సెస్నా 172లో ట్యాంకులు నిండా పోసినా ఇంధనం నూట యాభై కిలోల చుట్టుపక్కలే. ఎక్కినప్పటి బరువుకీ దిగినప్పటి బరువుకీ తేడా నీ చేతికి పెద్దగా తెలిసి ఉండదు. ఎ320లో కొత్త రకమైన నియో గంటకు రెండు టన్నుల పైచిలుకు కాలుస్తుంది. గాల్లో తగ్గే బరువంతా దాదాపు అదే. ప్రయాణికులు తిన్నదీ తాగిందీ విమానంలోనే ఉంటుంది, టాయిలెట్‌లోది వెనక ట్యాంకులో చేరుతుంది. వాష్‌బేసిన్ నీళ్లు మాత్రం విమానం కింద ఉండే డ్రెయిన్ మాస్ట్ అనే గొట్టం గుండా బయటికి పోతాయి, అది లెక్కలోకి రానంత. అంటే జీరో ఫ్యూయల్ వెయిట్, ఇంధనం కాక మిగతా అంతా కలిపిన బరువు, మొదటి నుంచి చివరిదాకా కదలదు. దానికి ట్యాంకుల్లో ఉన్నది కలిపితే ఆ నిమిషానికి నీ విమానం బరువు. ఈ కూడిక నోటికి వచ్చేయాలి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక లెక్క వేసి చూపిస్తాను. జీరో ఫ్యూయల్ 60 టన్నులు అనుకో. నేల మీద నడవడానికి (ట్యాక్సీ) 200 కిలోలు, ప్రయాణానికి 5,000, అందులో ఐదు శాతం అనుకోని ఖర్చుకి (కంటింజెన్సీ) 250, ఢిల్లీలో దిగలేకపోతే వేరే విమానాశ్రయానికి (ఆల్టర్నేట్) 1,600, చివరి నిల్వగా (ఫైనల్ రిజర్వ్) అరగంటకి 1,100. మొత్తం 8,150. స్టాండ్ దగ్గర 68.15 టన్నులు, టేకాఫ్‌లో 67.95, ఢిల్లీలో దిగేటప్పుడు 62.95. నియోకి సాధారణంగా గరిష్ఠ ల్యాండింగ్ బరువు 67.4 టన్నులు. అంటే ఎగిరిన వెంటనే వెనక్కి రావలసి వస్తే ఐదున్నర వందల కిలోలు ఎక్కువున్నావన్నమాట. ఎ320లో ఇంధనం పారబోసే ఏర్పాటు ఉండదు. గాల్లో తిరుగుతూ కాల్చాలి, లేదంటే ఓవర్‌వెయిట్‌గా, అంటే ఆ పరిమితికి మించిన బరువుతో, దిగాలి. నిప్పో పొగో ఉంటే మాత్రం కాలుస్తూ కూర్చోవద్దు, దిగిపో. దిగాక లాగ్‌బుక్‌లో రాస్తే ఇంజినీర్లు తనిఖీ చేస్తారు. ఈ నిర్ణయం రన్‌వే మీదికి రాకముందే నీ తలలో ఉండాలి.

ఇంధనం పోసే బండి (బౌజర్) దగ్గర చీటీ లీటర్లలో ఇస్తారు, విమానం కిలోల్లో ఎగురుతుంది. జెట్ ఎ-1 ఇంధనం సాంద్రత 15 డిగ్రీల దగ్గర లీటరుకి 0.775 నుంచి 0.840 కిలోల దాకా ఉండొచ్చు, ఎండకి ఇంకా తగ్గుతుంది. పదివేల లీటర్లు 0.80 దగ్గర 8,000 కిలోలు, 0.78 దగ్గర 7,800. ఆ 200 కిలోలు ఐదు నిమిషాల ప్రయాణం. పోసిన లీటర్లను చీటీ మీది సాంద్రతతో గుణించి, ముందున్నది కలిపి, గేజ్‌తో సరిపోయిందో లేదో నువ్వే చూడు. ఎవరో చూసుంటారులే అనుకోకు.

ఇక అసలు చెప్పదలచుకున్నది. 2009 మార్చి 20 రాత్రి మెల్‌బోర్న్ నుంచి దుబాయ్ వెళ్లాల్సిన ఎమిరేట్స్ 407. ఎ340-500, లోపల 275 మంది. దూరప్రయాణం కాబట్టి ట్యాంకుల్లో భారీగా ఇంధనం. టేకాఫ్ బరువు 361.9 టన్నులు, చివరి నిమిషం మార్పులకని ఒక టన్ను కలిపి 362.9 అనుకున్నారు. టేకాఫ్ లెక్కలు కట్టే లాప్‌టాప్‌లో కొట్టింది 262.9. మొదటి అంకె ఒక్కటే తేడా, వంద టన్నులు గల్లంతు. ఆ తేలిక బరువుకి తగ్గట్టే లాప్‌టాప్ ఇంజిన్లకి తక్కువ థ్రస్ట్ (నెట్టే బలం), తక్కువ టేకాఫ్ స్పీడ్లు ఇచ్చింది. రన్‌వే అయిపోవస్తుండగా ముక్కు ఎత్తితే తోక నేలకి రాసుకుంది. కెప్టెన్ పూర్తి థ్రస్ట్ పెట్టాడు. రన్‌వే చివర దాటాక గాని లేవలేదు, అవతలి లైట్లనీ, దిగే విమానాలకి రన్‌వే దిశ చూపే లోకలైజర్ యాంటెన్నానీ కొట్టుకుంటూ పోయింది. సముద్రం వైపు వెళ్లి ఇంధనం పారబోసి వెనక్కొచ్చి దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. ల్యాండింగ్ లెక్కలు చూసుకుంటుంటే అప్పుడు బయటపడింది ఆ వంద టన్నుల సంగతి.

వాళ్లు తెలియనివాళ్లు కాదు తల్లీ. ఇంధనాన్ని బట్టి రకరకాల బరువులతో, అదీ రెండు మూడు రకాల విమానాల మీద, ఎగిరి ఎగిరి ఉన్నవాళ్లు. 262 అన్నది వాళ్ల కంటికి వింతగా అనిపించే అంకె కాదు. నువ్వూ అంతే. నెల తిరిగేసరికి 58 నుంచి 79 టన్నుల దాకా అన్ని బరువులూ చూస్తావు, ఏదీ తప్పనిపించదు. అందుకని లోడ్ షీట్ తెరవకముందే నీ అంచనా కాగితం మీద పెట్టు: మనుషులు ఇంతమంది, ఇంధనం ఇంత, బరువు సుమారు ఇంత. తర్వాత షీట్‌తో, విమానం కంప్యూటర్‌కి అంకెలు ఇచ్చే ఎంసీడీయూతో, టేకాఫ్ లెక్కలు కట్టే ట్యాబ్లెట్‌తో పోల్చు. గ్రీన్ డాట్ స్పీడ్ అనేది బరువుని బట్టి మారే ఒక వేగం; ట్యాబ్లెట్ ఇచ్చేదీ ఎంసీడీయూ ఇచ్చేదీ దగ్గరగా ఉండాలి. దూరంగా ఉంటే ఎక్కడో బరువు తప్పు పడింది. ఎంసీడీయూలో బరువులు కొట్టే ఇనిట్ బి పేజీలో జీరో ఫ్యూయల్ గడిలో టేకాఫ్ బరువు కొట్టేవాళ్లు ఉన్నారు. కెప్టెన్ తొందరపెట్టినా, టేకాఫ్‌కి ఇచ్చిన సమయం (స్లాట్) పోతుందన్నా, ఆ ఒక్క నిమిషం ఆగు. "సార్, ఒక్కసారి చూస్తాను" అంటే ఎవరూ నిన్ను తప్పుపట్టరు. పట్టినా పడు.

పైకి వెళ్లాక సంగతులు మీ ఇన్‌స్ట్రక్టర్లు చెబుతారు, రెండే గుర్తు పెట్టుకో. తేలికయ్యేకొద్దీ అనువైన ఎత్తు పెరుగుతుంది. బరువుగా ఉన్నప్పుడే కంట్రోలర్ ఇంకా పై ఎత్తు ఇస్తే, ఎంసీడీయూ ప్రోగ్ పేజీలో రెక్ మ్యాక్స్ (ఆ బరువుకి వెళ్లదగిన గరిష్ఠ ఎత్తు) చూసి ఒప్పుకో. దారిలో గుర్తించిన ప్రతి బిందువు (వేపాయింట్) దగ్గర వాడిన ఇంధనం, మిగిలింది కలిపి, బయలుదేరినప్పటి లెక్కతో సరిచూడు. తక్కువ వస్తూ ఉంటే అది కాలిపోవడం లేదు, కారిపోతోంది.

సిమ్యులేటర్‌లో ఓవర్‌వెయిట్ ల్యాండింగ్ చేయించేటప్పుడు నేల తాకే వేగం నిమిషానికి 360 అడుగులు దాటకుండా సాధన చెయ్యి. ఖాళీ కడుపుతో తెల్లవారుజాము సెషన్‌కి వెళ్లకు, అంకెలు మారిపోయేది అప్పుడే. రోస్టర్ రాగానే మీ అమ్మకి పంపించు. ఢిల్లీ లెక్కలో జీరో ఫ్యూయల్ 62 టన్నులు వేసి, మిగతావన్నీ నువ్వే కట్టి నాకు వాట్సాప్ చెయ్యి. బరువు పెరిగితే ప్రయాణానికి పట్టే ఇంధనం కూడా కాస్త పెరుగుతుంది, మరచిపోవద్దు.

మీ మామయ్య