అమ్మ పెళ్లి క్యాసెట్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమ్మా నాన్నల పెళ్లి క్యాసెట్ బీరువాలో దొరికిందనీ, నాన్న షష్టిపూర్తి నాటికి దాన్ని 4కే చేసి పెద్ద తెర మీద వేయాలనుందనీ రాశావు. ముచ్చటైన ఆలోచనే. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. అసలు పనిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ తెరవక ముందే ఉంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

క్యాసెట్‌ను వెలుతురులో పట్టుకుని, దాని మీది పారదర్శక కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడు. తెల్లటి పొడి గానీ మచ్చలు గానీ ఉంటే అది బూజు. కోనసీమ తేమలో ఇన్నేళ్లు పడి ఉన్న క్యాసెట్‌కు బూజు పట్టకపోతేనే ఆశ్చర్యం. దాన్ని అలాగే వీసీఆర్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) వేస్తే టేపును చదివే హెడ్ పాడవుతుంది, తర్వాత వేసిన క్యాసెట్లకూ అంటుకుంటుంది. అలాంటిదాన్ని శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వు. బూజు లేకపోతే వెనక అంచున ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ పలక ఉందేమో చూసి, ఉంటే విరిచేయి. అది ఉన్నంతకాలం పొరపాటున రికార్డు బటన్ పడితే పెళ్లంతా చెరిగిపోతుంది. ఆ తర్వాత టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తీసుకురా. ఏళ్ల తరబడి కదలని చుట్ట సర్దుకుంటుంది.

మీ తాతగారింట్లో కూడా ఒక క్యాసెట్ ఉండాలి, అడుగు. అప్పట్లో షూటింగ్ టేపులను మిక్సింగ్ చేయించి, సినిమా పాటలు వేసి, హృదయాకారంలో వధూవరుల ముఖాలు పెట్టి, చివరికి ఇరుపక్షాలకూ చెరో కాపీ ఇచ్చేవాళ్లం. టేపు నుంచి టేపుకు ఎక్కించినప్పుడల్లా బొమ్మ కొంత మసకబారుతుంది. అందుకే రెండూ తెప్పించి పోల్చు. మగపెళ్లివారి కాపీని ఊరంతా అడిగి తీసుకెళ్లి చూసి ఉంటారు, అమ్మమ్మ దాచినదే బాగుంటుందని నా అనుమానం.

ఇక కంప్యూటర్‌లోకి ఎక్కించడం. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, కాబట్టి దొరికేది పాతదే. హెడ్ శుభ్రం చేయించి, ట్రాకింగ్, అంటే హెడ్ టేపు మీది బొమ్మ జాడను సరిగ్గా పట్టుకోవడం, సరిచేసుకో. వీసీఆర్‌ను కంప్యూటర్‌కు కలిపే చవక యూఎస్‌బీ పరికరాలు కొన్ని మధ్యమధ్య ఫ్రేములు వదిలేస్తాయి. గంట గడిచేసరికి మంత్రం ఒకచోట, పంతులుగారి పెదవులు ఇంకోచోట ఉంటాయి. తెర పైభాగంలో గీతలు వంకర్లు పోతుంటే ఆ వణుకును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ కావాలి. కొన్ని ఖరీదైన వీసీఆర్‌లలో అది లోపలే ఉంటుంది. మన దేశపు టేపు పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిది కాబట్టి 720×576 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో, వర్చువల్‌డబ్ అనే ప్రోగ్రాంలో, హఫ్‌వైయూవీ లాంటి నష్టం లేని కోడెక్‌తో (వివరం పోకుండా వీడియోను కుదించే పద్ధతితో) ఎక్కించు. గంటకు 30 జీబీ దాకా తింటుంది, తిననీ. ఎంపీ4గా బాగా కుదించి ఎక్కిస్తే అక్కడ పోయిన వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు.

ఇప్పుడు నువ్వడిగిన సాఫ్ట్‌వేర్. పాల్‌లో ప్రతి ఫ్రేమూ రెండు సగాలు, ఒకదాని తర్వాత ఒకటిగా తీసినవి. అందుకే కంప్యూటర్‌లో ఆపి చూస్తే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. హైబ్రిడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్ వాడి ఆ సగాలను సెకనుకు 50 ఫ్రేములుగా విడదీయి. 25కే ఆపితే కదలికలోని సగం నునుపు పోతుంది. అడుగున అల్లల్లాడే కొన్ని వరుసలను నల్లగా కప్పేయి. బొమ్మ నిష్పత్తి 4:3 అలాగే ఉంచు. టీవీ నిండాలని సాగదీస్తే మీ అమ్మ నిన్ను క్షమించదు.

రంగులకు డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాం ఉచిత వెర్షన్ చాలు. ఆనాటి హాలోజన్ లైటు వల్ల అంతా పసుపు తిరిగి ఉంటుంది. పురోహితుడి ఉత్తరీయం లాంటి తెల్లని వస్తువు చూపించి తెలుపు సరిచేయి. ఈ వీహెచ్‌ఎస్ రకం క్యాసెట్లలో ఎరుపు నిలవదు, పట్టుచీర అంచు దాటి పక్కకు కారుతుంది. రంగు పొరను ఒక్కదాన్నే కొద్దిగా ఎడమకూ పైకీ జరిపితే చాలావరకు సర్దుకుంటుంది.

మచ్చలు తీసే ఫిల్టర్ దగ్గర మాత్రం నిదానించు. తలంబ్రాల ఘట్టం మీద ముందుగా పరీక్షించు. టేపు మీది తెల్ల చుక్కకూ గాల్లో ఎగిరే బియ్యపుగింజకూ దానికి తేడా తెలియదు. మోతాదు పెంచితే దంపతులు ఉత్త చేతులు ఎత్తి ఒకరి నెత్తిన ఒకరు గాలి పోసుకుంటున్నట్టు ఉంటుంది. అక్షింతలూ అంతే. అక్కడ గింజలు మిగిలే మోతాదే సినిమా మొత్తానికి పెట్టు, గరుకు కొంత ఉన్నా ఫర్వాలేదు.

ఏఐతో ముఖాలు పదును చేసే సాధనాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వద్దంటాను. వెనక వరుసలో నిలబడ్డ మీ ముత్తాత ముఖం టేపులో పట్టుమని పాతిక చుక్కలుంటుందేమో. దానికి కనురెప్పలూ పలువరుసా కావాలంటే అది ఊహించి అతికించాల్సిందే. చూడచక్కగా ఉంటాడు గానీ, ఆయన కాదు. సైజు మామూలుగా 1440×1080కి పెంచు, ప్రొజెక్టర్‌కు అది సరిపోతుంది. 4కే మాట మరిచిపో.

ధ్వనికి ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో హిస్ (టేపు చేసే బుస్సుమనే శబ్దం) తగ్గించు, కరెంటు గుయ్యిమనే 50 హెర్ట్జ్ మోత తీసేయి. ఎక్కువ తీస్తే సన్నాయి నీళ్లలోంచి వినిపిస్తుంది. సినిమా పాటలు అందులో కలిసిపోయాయి, వాటి జోలికి పోకు. యూట్యూబ్‌లో పెడితే హక్కుల అభ్యంతరం రావచ్చు, బంధువులకు పెన్‌డ్రైవ్ ఇవ్వడమే సుఖం.

మొదట ఎక్కించిన పెద్ద ఫైలును చెరపకు. రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి మీ అక్క ఇంట్లో ఉంచు. క్యాసెట్‌నూ పారేయకు, నిలువుగా పెట్టి పొడిచోట దాచు.

నా దగ్గర పనిచేసే వీసీఆర్ ఒకటుంది. సెలవులకు వచ్చినప్పుడు తీసుకెళ్లు. బస్సు డిక్కీలో మాత్రం వేయకు, ఒళ్లో పెట్టుకో.

మీ మామయ్య