వేసవి ఉరుముల వానలు ఒకచోట రోజూ, మరోచోట అరుదుగా ఎందుకు వస్తాయి?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. వేసవిలో ఉరుములు మెరుపులతో కూడిన వానలు ఎన్నిసార్లు రావడం మామూలు అన్నది మొదటిది. పాత చోట దాదాపు ప్రతి సాయంత్రం ఉరుము వినిపించేదని, కొత్తగా చేరిన చోట ఎండ అంతకంటే తీవ్రంగా ఉన్నా వేసవి మొత్తం ఉరుము ఊసే లేకుండా గడిచిందని, దానికి కారణమేమిటన్నది రెండోది. ఒక్క వేసవిని చూసి ఆ ప్రాంతం తీరే అంత అనుకోవచ్చా అన్నది మూడోది. నేను వాతావరణ శాస్త్రవేత్తను కాను. అయితే చాలా ఏళ్లుగా ఉరుము వినిపించిన ప్రతి రోజునూ తేదీ, వేళ, దిక్కుతో సహా రాసుకుంటున్నాను. ఆ కాలంలో కొంత సముద్రతీరానికి చేరువలో, కొంత కొండల వరుసకు దిగువనున్న మైదానంలో గడిచింది కాబట్టి, రెండు చోట్ల ఆకాశం తీరు ఎంత వేరుగా ఉంటుందో దగ్గరి నుంచి చూశాను. నా అనుభవాన్నీ చదివినదాన్నీ కలిపి చెబితే, ఉరుముల సంఖ్యను తేల్చేది ఎండ తీవ్రత ఒక్కటే కాదు. గాలిలో ఎంత తేమ ఉంది, ఆ గాలిని పైకి నెట్టే పరిస్థితి ఆ చోట ఏర్పడుతుందా లేదా అన్నవి అంతకంటే ముఖ్యం.

ముందు లెక్క సంగతి. వాతావరణ కేంద్రాల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి సరళమైనది: ఒక తేదీలో పరిశీలకుడి చెవికి ఒక్కసారైనా ఉరుము వినిపిస్తే దాన్ని ఉరుము రోజుగా నమోదు చేస్తారు. ఆ రోజు ఒకే మేఘం గర్జించినా, నాలుగు మేఘాలు ఒకదాని వెంట ఒకటి వచ్చినా లెక్కలో అది ఒక్క రోజే. ఉరుము సాధారణంగా 15 కిలోమీటర్లకు మించి సరిగా వినిపించదు కాబట్టి, అంతకంటే చాలా దూరంలో రాత్రంతా మెరిసినా ఆ రోజు లెక్కలోకి రాదు. ఇటీవలి దశాబ్దాల్లో ఉపగ్రహాలూ నేలమీది పరికరాలూ మెరుపులనే నేరుగా లెక్కిస్తున్నందున, చదరపు కిలోమీటరుకు ఏడాదికి ఎన్ని మెరుపులు అన్న కొలత కూడా వచ్చింది. ఈ రెండు కొలతలూ ఒకే సంగతి చెప్పవు. రోజూ రెండు మూడు ఉరుములతో ముగిసే చోటు మొదటి పట్టికలో పైన ఉండవచ్చు. అరుదుగా వచ్చినా వచ్చినప్పుడు ఎడతెగకుండా మెరిసే చోటు రెండో పట్టికలో పైన ఉండవచ్చు. ఎక్కడైనా ఒక సంఖ్య కనిపిస్తే అది దేని లెక్కో ముందు చూసుకోండి.

భూమి మొత్తం మీద ఏ క్షణంలోనైనా సుమారు 1,800 ఉరుముల వానలు కురుస్తూ ఉంటాయని, సెకనుకు 100 మెరుపులు మెరుస్తాయని 1925లో బ్రూక్స్ అనే శాస్త్రవేత్త అంచనా వేశారు. 1995లో కక్ష్యలోకి వెళ్లిన ఉపగ్రహ పరికరంతో లెక్కించినప్పుడు మెరుపుల సగటు సెకనుకు 45కు కాస్త అటూ ఇటూగా తేలింది. అందులోనూ ఉత్తరార్ధగోళపు వేసవిలో అది 55 వరకు పెరుగుతుంది, అక్కడి చలికాలంలో 35 వరకు తగ్గుతుంది. ఉత్తరార్ధగోళంలో భూభాగం ఎక్కువగా ఉండటమే ఈ తేడాకు మూలం, ఎందుకంటే నేల మీద మెరుపులు సముద్రం మీదకంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. నేల త్వరగా వేడెక్కి గాలిని బలంగా పైకి పంపుతుంది. సముద్రం ఆ పని అంత బలంగా చేయలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, నాకు అన్నింటికంటే ఇష్టమైనది. ఉరుముల మేఘం తయారవడానికి నేల దగ్గర తేమ నిండిన వెచ్చని గాలి కావాలి, పైన అంతకంటే చాలా చల్లని గాలి కావాలి, కింది గాలిని మొదట పైకి తోసేందుకు ఏదో ఒక ఊతం కావాలి. తేమ లేని గాలి పైకి వెళ్లే ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడి త్వరగా బలం కోల్పోతుంది. తేమతో నిండిన గాలిలో ఆవిరి నీటి బొట్లుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది కాబట్టి అది అంత త్వరగా చల్లబడదు, చుట్టుపక్కల గాలికంటే తేలికగా ఉంటూ ఇంకా ఇంకా పైకి పోతుంది. ఉష్ణమండలంలో అలాంటి మేఘం 16 కిలోమీటర్ల ఎత్తును కూడా దాటగలదు. సహారా ఎడారి నడిబొడ్డున వేడికి కొదవ లేదు, తేమ లేదు, అందుకే ఉరుములు అరుదు. పెరూ తీరంలోని లీమా నగరంలో గాలిలో తేమ పుష్కలంగా ఉన్నా ఉరుము వినిపించడమే విశేషం: తీరం వెంట సాగే హంబోల్ట్ అనే చల్లని సముద్ర ప్రవాహం కింది గాలిని చల్లగా ఉంచుతుంది, దానిపైన వెచ్చని పొర మూతలా పరుచుకుంటుంది, కింది గాలి ఆ మూతను దాటి పైకి పోలేదు. మీరు ఇప్పుడున్న చోట ఎండ ఎక్కువగా ఉండి చెమట త్వరగా ఆరిపోతుంటే తేమ చాలడం లేదని అర్థం. ఉక్కపోత ఉన్నా మేఘం పొట్టిగానే ఆగిపోతుంటే పైన అలాంటి వెచ్చని పొర ఉండే అవకాశం ఎక్కువ.

ఉష్ణోగ్రతను కాకుండా డ్యూ పాయింట్‌ను చూడటం నేను అందరికీ చెప్పే సలహా. గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత అది. వాతావరణ యాప్‌లు చాలావరకు దాన్ని చూపిస్తాయి. మైదానంలో ఉన్నప్పుడు నేను గమనించినంతవరకు, పొద్దున అది 10 డిగ్రీలకు కింద ఉన్న రోజున ఎండ ఎంత మండినా సాయంత్రానికి ఆకాశం నిర్మలంగానే ఉండేది. 20 దాటిన రోజున మధ్యాహ్నానికే కొండల మీద మేఘాలు గోపురాల్లా లేచేవి. ఇది అన్ని చోట్లా ఒకే అంకెతో పనిచేసే సూత్రం కాదు, ఎత్తైన పీఠభూముల మీద అంతకంటే తక్కువ తేమతోనే ఉరుములు వస్తాయి. అయినా మీ చోటికి ఆ అంకె ఏదో ఒక వేసవిలోనే మీకు తెలిసిపోతుంది.

ఊతం సంగతికి వస్తే, దాన్ని ఎక్కువగా నేల ఆకృతే ఇస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా దీనికి చక్కని ఉదాహరణ. ఆ ద్వీపకల్పానికి రెండు వైపులా వెచ్చని సముద్రం ఉంది. పగలు రెండు తీరాల నుంచి సముద్రపు గాలి లోపలికి వీచి నడుమ ఎదురెదురుగా కలుస్తుంది, కలిసిన చోట గాలికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. అందువల్ల రాష్ట్రం మధ్య భాగంలో ఏడాదికి 80 నుంచి 100 ఉరుము రోజులు నమోదవుతాయి, వాటిలో ఎక్కువ జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. అదే దేశంలో పసిఫిక్ తీరాన, చల్లని సముద్రం పక్కన, ఏడాది మొత్తానికి కొద్ది రోజులే ఉరుము వినిపిస్తుంది. 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఒహాయోలో శాస్త్రవేత్తలు విమానాలను నేరుగా ఈ మేఘాల్లోకి పంపి పరిశోధించారు. ఒక్కో మేఘపు కణం, అంటే ఉరుముల మేఘంలో విడిగా పైకి లేచే ఒక్కో భాగం, పెరగడం, పండటం, కూలిపోవడం అన్నీ దాదాపు గంటలోపే ముగుస్తాయని అప్పుడే స్పష్టమైంది. పక్క వీధి తడిసి మీ వీధి పొడిగా ఉండిపోవడానికి కారణం ఆ మేఘం చిన్నది కావడం, దాని ఆయుష్షు తక్కువ కావడం.

తీరానికి దగ్గరగా ఉన్న రోజుల్లో నేను చూసింది కూడా దీనికి సరిపోతుంది. ఇసుక తీరం మీద నిలబడితే నెత్తిన ఆకాశం నీలంగా ఉండేది. లోపలి వైపు తిరిగితే తీరానికి సమాంతరంగా మేఘాల గోడ కనిపించేది, సాయంత్రానికి ఉరుములు అటువైపు నుంచే వచ్చేవి. సముద్రపు గాలి ముందంచు ఎక్కడ ఆగితే అక్కడే మేఘం పుడుతుంది, ఆ గాలి వచ్చిన దారిలో చల్లని గాలి పరుచుకుని ఉరుములకు చోటివ్వదు. మీ పాత చోటికీ కొత్త చోటికీ మధ్య దూరం పెద్దగా లేకపోయినా తేడా ఇంత ఉండటం ఆశ్చర్యం కాదని అందుకే అంటున్నాను.

కొండలు ఇదే పనిని మరో విధంగా చేస్తాయి. ఎండ తగిలిన కొండవాలు తన పక్కనున్న గాలిని వేడిచేసి పైకి లాగుతుంది కాబట్టి, ఆల్ప్స్ దక్షిణ పాదంలోనూ, రాకీ పర్వతాల మీదనూ, అర్జెంటీనాలోని కోర్డోబా కొండల దగ్గరనూ వేసవి మేఘం మొదట శిఖరాల మీద లేచి, తరువాత మైదానం మీదికి దిగుతుంది. నేనున్న మైదానంలో ఉరుము వేళ మధ్యాహ్నం నుంచి రాత్రి వైపు జరగడానికి కారణం ఇదే. పుట్టేది అక్కడ, మా వద్దకు చేరేసరికి చీకటి పడేది. అమెరికా నడిమి మైదానాల్లో ఇది ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది, దక్షిణం నుంచి రాత్రిపూట తక్కువ ఎత్తులో వేగంగా వీచే తేమగాలి తోడై, వేసవి ఉరుములు అక్కడ అర్ధరాత్రి ప్రాంతంలో శిఖరానికి చేరతాయి. వెనిజులాలోని మరకైబో సరస్సు మీద కూడా రాత్రివేళే ఎక్కువ: మూడు వైపులా పర్వతాలు, మధ్యలో గోరువెచ్చని నీరు, కొండల నుంచి దిగే చల్లగాలి కలిసి చదరపు కిలోమీటరుకు ఏడాదికి 233 మెరుపులను పుట్టిస్తాయి. ఉపగ్రహ లెక్కల్లో ప్రపంచంలోకెల్లా అదే ఎక్కువ. ఆఫ్రికాలో కాంగో తూర్పు కొండల్లోని కబారే 205తో దాని తరువాత వస్తుంది.

వేసవి కూడా ప్రతిచోటా ఉరుముల కాలం కాదు. మధ్యధరా సముద్ర తీరంలో వేసవి పొడిగా గడిచి, నీరు ఇంకా వెచ్చగా ఉండగానే పైన చల్లని గాలి చేరే శరదృతువులో ఉరుములు ఎక్కువవుతాయి. అరిజోనాలో జులై నుంచి సెప్టెంబరు వరకు తేమగాలి వచ్చే వారాలకే అవి పరిమితం. బెంగాల్, అస్సాం, బంగ్లాదేశ్‌లలో మార్చి నుంచి మే వరకు వచ్చే కాలవైశాఖి గాలివానలు తీవ్రమైనవి. రుతుపవనాలు పూర్తిగా స్థిరపడ్డాక వాన పెరుగుతుంది, మెరుపులు మాత్రం తగ్గుతాయి. గాలంతా ఒకేలా తడిసి, మబ్బు కప్పి, నేల చల్లబడితే గాలి పైకి లేచే వేగం తగ్గుతుంది కాబట్టి అలా జరుగుతుంది. ఆస్ట్రేలియా ఉత్తరాన తివీ ద్వీపాల మీద సెప్టెంబరు నుంచి మార్చి వరకు దాదాపు ప్రతి మధ్యాహ్నం లేచే మేఘానికి విమానచోదకులు హెక్టర్ అని పేరే పెట్టారు. రుతుపవనం బలంగా ఉన్న వారాల్లో ఆ ప్రాంతంలో కూడా మెరుపులు తగ్గుతాయి. వాన ఎక్కువ పడే కాలంలోనే ఉరుములు ఎక్కువ అనుకోవడం సరికాదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తక్కువసార్లు రావడమంటే బలహీనంగా రావడం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అమెరికా నడిమి మైదానాల్లో ఉరుము రోజులు ఫ్లోరిడాకంటే తక్కువ, కానీ పెద్ద వడగళ్లు, సుడిగాలులు అక్కడే ఎక్కువ. పైన వెచ్చని పొర చాలా రోజులు ఆపి ఉంచిన శక్తి ఒక్కసారిగా విడుదలవడం, ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిశా వేగమూ మారడం వల్ల అక్కడి మేఘం గంటలోపు కూలిపోకుండా చాలాసేపు నిలుస్తుంది. మీ కొత్త చోట ఉరుములు అరుదని జాగ్రత్త మానకండి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం తెలుస్తుంది; అయినా ఉరుము వినిపించిందంటేనే పిడుగు పడగల దూరంలో ఉన్నట్టు లెక్క, కాబట్టి వెంటనే పక్కా కట్టడంలోకి వెళ్లి చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి.

మూడో ప్రశ్నకు నా జవాబు, ఒక్క వేసవి చాలదని. ఉరుముల వానలు సమాన వ్యవధిలో రావు, గుంపులుగా వస్తాయి: పైన చల్లని గాలి నిలిచిన వారంలో రోజూ ఉరిమి, తరువాత మూడు వారాలు ఏమీ ఉండకపోవచ్చు. సగటున మూడు రోజులకొకటి అని ఎక్కడైనా రాసి ఉంటే, అది ప్రతి మూడో రోజూ వస్తుందని కాదు. వాతావరణ కేంద్రాలు సాధారణ స్థితిని 30 ఏళ్ల సగటుగా లెక్కించడానికి కారణం ఈ ఒడిదుడుకులే; నా నోటుపుస్తకంలో కూడా పక్కపక్కనున్న రెండు వేసవులు ఒకదానికి ఒకటి పోలిక లేకుండా కనిపిస్తాయి. మీకు అంతకాలం ఆగనవసరం లేదు. దగ్గర్లో విమానాశ్రయం ఉంటే దాని వాతావరణ నివేదికల్లో ఉరుములు నమోదై ఉంటాయి, పాత ఏళ్ల సమాచారం అక్కడి నుంచి తీసుకోండి. అయితే చాలా దేశాల్లో మనుషుల స్థానంలో యంత్రాలు వచ్చాక నమోదు చేసే పద్ధతే మారింది కాబట్టి, సంఖ్య ఒక్కసారిగా పెరిగిన లేదా తగ్గిన ఏడు కనిపిస్తే ఆకాశం మారిందని అనుకునే ముందు పరికరం మారిందేమో చూడండి. మీ సొంత లెక్కను చెవితో విన్నదానికే పరిమితం చేసి, ఫోను యాప్ చూపించే దూరపు మెరుపులను వేరే వరుసలో రాసుకోండి. తేదీతో పాటు వేళ, దిక్కు, వాన పడిందా లేదా అన్నవి కూడా రాస్తే, మీ చోటికి ఊతమిచ్చేది కొండో సముద్రపు గాలో రాత్రి గాలో మూడు నాలుగు వేసవుల్లో మీకే తెలుస్తుంది.